మా వదిన పంపిన మూడు వేలు

మాది చోడవరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, ఎవరైనా అడిగితే మా నోట ఇంకా విశాఖపట్నం జిల్లా అనే వస్తుంది. ఇంట్లో మేం నలుగురం. అత్తయ్యగారు, మా ఆయన, నేను, మా వదిన. వదినంటే మా ఆయనకి అక్క. ఆయన 'అప్పా' అని పిలుస్తారు, మా పిల్లలు 'అత్తా' అంటారు, వీధిలో వాళ్ళంతా 'మిషనమ్మ' అంటారు. ఆవిడకి అరవై రెండేళ్ళు. రెండో ఏట పోలియో వచ్చి కుడికాలు ఎదగలేదు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోలేదో, చెయ్యలేదో, ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు, నేనూ ఎత్తను. కాలితో తొక్కడం కుదరదని చేత్తో తిప్పే కుట్టుమిషన్ మీద పని నేర్చుకుంది. తర్వాత దానికి మోటారు పెట్టించుకుంది. మా వీధిలో సగంమంది ఆడపిల్లల పెళ్ళిజాకెట్లు ఆవిడ కుట్టినవే.

2024 జూలైలో దివ్యాంగుల పెన్షన్ మూడు వేల నుంచి ఆరు వేలు చేశారు. సచివాలయం అబ్బాయి ఇంటికొచ్చి ఆరు వేలు చేతిలో పెడితే వదిన రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఆ నెల నాకో చీర, అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పుల తైలం, తనకో కొత్త కత్తెర కొంది. అక్కడితో అయిపోయి ఉంటే నేనిది రాసేదాన్ని కాదు.

ఆగస్టు నెలాఖరులో ఒక మధ్యాహ్నం టీవీలో వార్తలు నడుస్తున్నాయి. గాజాలో పది నెలల పసిబిడ్డకి పోలియో వచ్చిందనీ, అక్కడ పాతికేళ్ళలో ఇదే మొదటి కేసనీ చెప్తున్నారు. గిర్రున తిరుగుతున్న మిషన్ ఆగిపోయింది. పెళ్ళిళ్ళ సీజన్లో అన్నానికి పిలిచినా ఆపని మనిషి ఆవిడ.

"పోలియో పోయిందన్నారు గదా?" అంది నాకేసి చూసి.

మన దగ్గర పోయింది. 2011 జనవరిలో బెంగాల్లో ఒక చిన్నపిల్లకి వచ్చిందే మన దేశంలో ఆఖరి కేసు. 2014 మార్చి 27న మన ప్రాంతానికి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. ఈ సంగతి నాకంటే వదినకే బాగా తెలుసు. 1995లో పల్స్ పోలియో మొదలైన దగ్గర్నుంచీ చుక్కల ఆదివారం వస్తే చాలు, మా వీధి చివర బడిలో బల్ల దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చునేది. పిల్లల వేలికి సిరా చుక్క పెట్టడం ఆవిడ పని. "మా వాడికి జలుబమ్మా, వచ్చేసారి వేయిస్తాం" అని ఏ తల్లయినా వెనక్కి తిరిగితే, చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి తీసి కాలు చూపించేది. మాట్లాడేది కాదు. ఆ తల్లి చుక్కలు వేయించుకునే వెళ్ళేది.

అందుకే ఆ వార్త ఆవిడకి వేరేగా తగిలింది. యుద్ధంలో టీకాలు సరిగా పడలేదు, నీళ్ళు లేవు, మురుగు వీధుల్లో పారుతోంది. జూలైలో ఆ మురుగులోనే వైరస్ దొరికింది, ఆగస్టుకి ఒక బిడ్డ కాలు పడిపోయింది. సెప్టెంబరు ఒకటిన అక్కడ చుక్కలు వెయ్యడం మొదలుపెట్టారు. రోజులో కొన్ని గంటలు కాల్పులు ఆపి, ఆ సమయంలో వేశారు. మొదటి విడతలోనే పదేళ్ళలోపు పిల్లలు ఐదున్నర లక్షల మందికి పైగా వేయించుకున్నారు. "బాంబులు ఆపి చుక్కలేశారంటే, ఆ తల్లులు ఎలగ నడిచొచ్చారో!" అంటూ వదిన రెండు రోజులు అదే మాట మీద ఉంది.

సెప్టెంబరు ఒకటి ఆదివారమని పెన్షన్ ఆగస్టు 31నే ఇచ్చేశారు. ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన తేల్చి చెప్పింది. "పెరిగిన మూడు వేలూ నాకొద్దు. అలాంటి చోట కాళ్ళు లేనివాళ్ళకి పంపించండి. ఎలగ పంపుతారో నాకు తెలీదు, మీరే చూడండి."

మా ఆయన గవర్నమెంటు బళ్ళో లెక్కల మేష్టారు. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగారు. అత్తయ్యగారు మాత్రం ఆగలేదు. "ఏటే, మన ఊళ్ళో లేరా కాళ్ళు లేనోళ్ళు? గుడి మెట్ల కాడ నలుగురు కూకుంటారు. ఆళ్ళకియ్యి. దేశాలట్టుకు పోవాలా?"

ఇది అత్తయ్యగారి ఒక్కరి మాట కాదు. మనలో ఎవరింట్లో ఈ కబురు ఎత్తినా ముందు వచ్చే మాట ఇదే. పైగా మర్నాటికల్లా ఆ మాటకి బలం కూడా వచ్చింది. సెప్టెంబరు ఒకటిన విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ అంతా నీళ్ళలో మునిగిపోయింది. టీవీ నిండా అదే. మేడల మీద జనం, పడవల్లో పాలప్యాకెట్లు. "చూశావా అప్పా, కష్టం మన గుమ్మంలోనే ఉంది" అన్నారు మా ఆయన. ఉద్యోగ సంఘాలు ఒకరోజు జీతం వరద సాయానికి ఇస్తామన్నాయి, ఈయన జీతంలోనూ పోతుంది. ఇంటి తరఫున అయిపోయినట్టే కదా అని ఈయన లెక్క.

వదిన టీవీకేసే చూస్తోంది. "ఆ మేడల మీద నాలాంటోళ్ళు ఉంటారు గదరా. ఎవరైనా చూపించారా?" అంది.

ఎవరూ చూపించలేదు. ఆ మాటతో మా అందరికీ హుద్‌హుద్ గుర్తొచ్చింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. మా చోడవరం వైపు చెరుకంతా నేలకి కరుచుకుపోయింది. మా వసారా పెంకులు ఎగిరిపోయాయి. కానీ ఆ రోజు గాలి గురించి కాదు నేను చెప్పాలనుకుంటున్నది, ఆ తర్వాత వారం గురించి. అప్పట్లో మా బాత్రూము పెరట్లో, ఇంటికి ఇరవై అడుగుల దూరంలో ఉండేది. కొబ్బరిచెట్టు కూలి సరిగ్గా ఆ దారికి అడ్డంగా పడింది. మేం దాటి వెళ్ళేవాళ్ళం. వదిన దాటలేదు. కాలిపర్ తోలుబెల్టులు తడిసి ముద్దయ్యాయి, బిగిస్తే పుండు పడుతుంది, వదిలేస్తే కాలు నిలవదు. ఆవిడ చేసిందేమిటో తెలుసా? నీళ్ళు తాగడం మానేసింది. అన్నం కూడా రెండు ముద్దలతో సరిపెట్టేది. ఆకలి లేదని చెప్పేది. మూడో రోజుకి చలిజ్వరం, మూత్రంలో మంట. అప్పటిదాకా అత్తయ్యగారికీ, మా ఆయనకీ సంగతి తెలీదు. నాకు మాత్రం మొదటి రాత్రే చెప్పింది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని. రాత్రుళ్ళు బకెట్టు పెట్టి, గుడ్డ అడ్డం కట్టి నేను చెయ్యగలిగింది చేశాను. అరవై ఏళ్ళు నిండినవాళ్ళని చూసుకునే మీలో చాలామందికి ఈ బకెట్టు సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

కరెంటు లేదు కాబట్టి మోటార్లు లేవు. నీళ్ళ ట్యాంకరు వీధి మొదట్లో ఆగేది. లైన్లో నిలబడ్డవాళ్ళకి బిందె. ఒక లారీలో బియ్యం, దుప్పట్లు వచ్చాయి. మనిషి వచ్చి నిలబడితేనే ఇస్తామన్నారు. "మా ఇంట్లో నడవలేని మనిషి ఉంది" అంటే, "తీసుకురండమ్మా" అన్నారు. వాళ్ళని తిట్టుకుని లాభం లేదు. వంద చేతులు ఒకేసారి చాపితే లారీ మీద ఉన్నవాడికి చేతులే కనిపిస్తాయి.

తర్వాతెప్పుడో మా అమ్మాయి చదివి చెప్పింది. ఇలాంటి సమయాల్లో వికలాంగుల రక్షణ చూడాలని ఐక్యరాజ్యసమితి 2006 ఒడంబడికలోనే పదకొండో అధికరణం ఉందట. మన దేశం కూడా దానికి ఒప్పుకుంది. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఎనిమిదో సెక్షన్ ఇంకా స్పష్టంగా చెప్తుంది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలో ఉన్న దివ్యాంగుల వివరాలు రాసి పెట్టుకోవాలి, ఆపద వస్తే ముందుగా వాళ్ళకి కబురు అందేలా చూడాలి. యుద్ధం, తుపాను, భూకంపం అన్నీ ఆ సెక్షన్లోకి వస్తాయి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి ఏదో ఒక వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే ఏ ఊరు మునిగినా, ఏ ఊరు కాలినా, అందులో మా వదినలు ఉంటారన్నమాట.

అదే ఆవిడ అంది. "బియ్యం అందరూ పంపిస్తారు. చెక్క కుర్చీ ఎవరు పంపుతారు? డేరాల్లో ఉన్న ఆడోళ్ళు బాత్రూముకి ఎలగ ఎళ్తన్నారో ఎవరడుగుతారు? నేను నీళ్ళు మానేసినట్టే ఆళ్ళూ మానేసి ఉంటారు."

మా ఆయన ఏమీ అనలేదు. అత్తయ్యగారు లేచి వెళ్ళి మంచం మీద పడుకున్నారు. కాసేపటికి చీకట్లోంచి అడిగారు. "ఆ పిల్లోడికి ఏ కాలే?"

"ఎడం కాలమ్మా."

"దీనిది కుడికాలు" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ ఎవరితో అన్నారో తెలీదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వదినకి రెండేళ్ళప్పుడు జ్వరం వస్తే అత్తయ్యగారు ఎత్తుకుని వెళ్ళి సూది మందు వేయించుకొచ్చారట. మర్నాడు పిల్ల నిలబడలేదు. అరవై ఏళ్ళుగా ఆవిడ మనసులో ఆ సూదే ఉంది. మందు వల్ల కాదమ్మా, పోలియో వైరస్సది, అప్పట్లో మన ఊళ్ళకి చుక్కలే రాలేదు అని ఈయన ఎన్నోసార్లు చెప్పారు. తలూపుతారు. మళ్ళీ ఏ పండగనాడో, "ఆ రోజు ఎళ్ళకుండా ఉంటే" అంటారు. ఆ రాత్రి ఆవిడ గాజా గురించి అడిగింది బిడ్డ కోసమే కాదు, ఆ బిడ్డ తల్లి కోసం కూడా అని నాకు అనిపించింది.

ఇక పంపడం ఎలా అన్నది. ఇది మీకు పనికొచ్చే సంగతి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు వాట్సాప్‌లో వచ్చిన వాటి జోలికి పోలేదు. ఏడుస్తున్న పసిపిల్ల ఫొటో, కింద క్యూఆర్ కోడ్, 'పది రూపాయలైనా పంపండి' అని రాత. మా మహిళా సంఘం గ్రూపులోనే రెండు వచ్చాయి. అలాంటివి దయచేసి స్కాన్ చెయ్యకండి. ఫొటో నిజమే కావచ్చు, కోడ్ ఎవరిదో మనకి తెలీదు.

మా అమ్మాయి ఒక ఆదివారమంతా ఫోన్లో కూర్చుని మాకు చదివి వినిపించింది. 1982లో థాయిలాండ్ సరిహద్దులో, కంబోడియా శరణార్థుల శిబిరాల్లో, మందుపాతరల మీద కాలేసి కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ కోసం ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు మొదలుపెట్టిన హ్యాండిక్యాప్ ఇంటర్నేషనల్ గురించి చెప్పింది. కాబూల్‌లో రెడ్‌క్రాస్ వాళ్ళు నడిపే కృత్రిమ అవయవాల కేంద్రం గురించి చెప్పింది. ఇటలీ నుంచి వచ్చిన అల్బెర్టో కైరో అనే ఆయన 1990 నుంచి అక్కడే ఉన్నాడట. ఆ కేంద్రంలో కాళ్ళు తయారు చేసేవాళ్ళు, నడక నేర్పేవాళ్ళు దాదాపు అందరూ వికలాంగులేనట. వదిన ఈ మాట మళ్ళీ చెప్పించుకుంది. "ఆళ్ళ కాళ్ళు ఆళ్ళే చేసుకుంటన్నారా?" అని. మొహం వెలిగిపోయింది.

బయటి దేశాల సంస్థలకి మన యూపీఐతో సాధారణంగా పంపలేం, కార్డు కావాలి. పెన్షన్ డబ్బుకి అంత తిప్పలు ఎందుకని వెతుకుతుంటే నాకు జైపూర్ కాలు గుర్తొచ్చింది.

మీలో నా వయసువాళ్ళకి 1985లో వచ్చిన 'మయూరి' సినిమా గుర్తుండే ఉంటుంది. ప్రమాదంలో కాలు పోయిన సుధా చంద్రన్ తన కథలో తనే నటించి, జైపూర్ కాలితోనే నాట్యం చేసింది. మాకైతే ఇంకా దగ్గరి గుర్తు ఉంది. మాడుగులలో మా చిన్నమామయ్యకి షుగరు ముదిరి మోకాలి కింద కాలు తీసేశారు. బెల్లం ఊళ్ళలో షుగరు వ్యాధి గురించి ఏం చెప్పమంటారు! ఆయనకి జైపూర్ కాలు పెట్టించారు. దాని గొప్పంతా ఎక్కడుందంటే, మనలా బతికేవాళ్ళ కోసం చేసిన కాలది. అప్పట్లో విదేశీ కాళ్ళకి బూటు తప్పనిసరిగా ఉండేది. దీనితో చెప్పుల్లేకుండా నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, మఠం వేసుకుని భోజనం చెయ్యొచ్చు, తడిమళ్ళో దిగొచ్చు. 1960ల చివర్లో జైపూర్ ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే పనివాడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరు, చెక్కలతో ఆ పాదం తయారు చేశారు. సేథీగారికి 1981లో మెగసెసె అవార్డు వచ్చింది. మా మామయ్య ఆ కాలితో మా వినాయకుడి గుడిలోకి చెప్పుల్లేకుండా వెళ్ళి వచ్చి, "కాళ్ళు కడుక్కోమంటే రెండూ కడిగాను" అన్నాడు.

గుడిలోకి వెళ్ళడానికి పనికొచ్చేది మసీదులో మోకరిల్లడానికీ పనికొస్తుంది. పొలంలో దిగడానికి పనికొచ్చేది కంబోడియా వరిమళ్ళకీ పనికొస్తుంది. అందుకే మందుపాతరలు పేలిన ఆ దేశాలకి ఈ కాలు వెళ్ళింది. 1975లో డి.ఆర్. మెహతాగారు జైపూర్‌లో మొదలుపెట్టిన భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి ఈ కాళ్ళు, కాలిపర్లు, చక్రాల కుర్చీలు, చేత్తో తిప్పే మూడు చక్రాల బళ్ళు ఉచితంగా ఇస్తుంది. ఆఫ్గనిస్తాన్, ఇరాక్ లాంటి దేశాల్లో కూడా శిబిరాలు పెట్టింది. గాంధీగారి నూట యాభయ్యో జయంతి సందర్భంలో 2018 నుంచి మన విదేశాంగ శాఖ కూడా బయటి శిబిరాలకి తోడైంది.

"జైపూరంటే మన దేశమే గదే" అన్నారు అత్తయ్యగారు, గెలిచినట్టు.

"కాలు ఎక్కడికెళ్తాదో మనం చెప్పలేం అమ్మా" అంది వదిన. "మన ఊరోడికే రావచ్చు, కాబూలోడికే పోవచ్చు."

ఇద్దరూ ఒప్పుకున్నారన్నమాట, వేరువేరు కారణాలకి.

గొడవ అయిపోయిందనుకుంటే మా ఆయన ఇంకొకటి తెచ్చారు. "అప్పా, నా పేరు మీద పంపుదాం. 80జీ కింద పన్ను తగ్గుతుంది." లెక్కల మేష్టారు కదా. ఆ మాట తప్పు కాదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ఆ మినహాయింపు ఉంటుంది, రెండు వేలు దాటి నగదుగా ఇస్తే మాత్రం రాదు. అందుకే ఎవరికిచ్చినా బ్యాంకు ద్వారా పంపి, పాన్ నంబరు రాసి, రసీదు తీసుకోండి. 

వదిన మాత్రం వినలేదు. "నీకు పన్ను తగ్గితే తగ్గకపోతే నాకేటి? నా పేరే ఉండాలి."

ఈయన నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఊరుకున్నారు. ఆవిడ పెట్టెలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో సదరం సర్టిఫికెట్, బస్సు పాసు, పెన్షన్ కాగితాలు, ఎప్పుడో క్యాంపులో కాలిపర్ ఇచ్చినప్పటి చీటీ. అన్నింటిలో ఆవిడ పేరుంది, తీసుకున్న మనిషిగా. 'శాతం' అన్న గడిలో ఒక అంకె ఉంటుంది. పుట్టినప్పటి నుంచి ఈ లోకం ఆవిడకి రాసిచ్చిన కాగితాలన్నీ అవే. ఈయనకి నేను వంటింట్లోకి పిలిచి ఇదే చెప్పాను. మర్నాడు తమ్ముడే కూర్చుని, అక్క ఖాతాలోంచి అక్క పేరు మీద మూడు వేలు పంపించారు. అత్తయ్యగారు కొంగుముడి విప్పి ఐదు వందల నోటు ఇచ్చి, "ఇది కూడా దాన్లో కలిపీ. నా పేరొద్దు" అన్నారు. అది వదిన ఖాతాలో వెయ్యడం కుదరక, ఈయన విడిగా పంపారు. విజయవాడకి ఇంకో వెయ్యి, అది నా చీటీ డబ్బుల్లోంచి.

రసీదు వచ్చాక వదిన దాన్ని ఫొటో తీయించి పిల్లలిద్దరికీ పంపమంది. తర్వాత ప్రింటు తీయించమంది. ప్లాస్టిక్ కవర్లో సదరం సర్టిఫికెట్ మీద పెట్టి జిప్పు లాగింది.

అక్టోబరు పెన్షన్ ఇవ్వడానికి వచ్చిన సచివాలయం అబ్బాయిని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. "బాబూ, తుపాను లిస్టులో నా పేరుందా?" అని అడిగింది. అలాంటి లిస్టు ఒకటి ఉండాలని ఆ అబ్బాయికి కొత్తగా వినబడింది. సెక్షన్ నంబరు కాగితం మీద రాయించుకుని వెళ్ళాడు. ఆవిడ ఊరుకోలేదు. మా వీధిలో మంచం పట్టినవాళ్ళు, చూపు లేనివాళ్ళు, చక్రాల కుర్చీ వాళ్ళు ఎవరెవరున్నారో నాచేత పేర్లు రాయిస్తోంది. ఇప్పటికి పదకొండు అయ్యాయి. ఇంకా వెనక వీధి రాయాలి.